అడుగు వలకు అంగళ్ల సన్మానం

అంగళ్లు టమోటా మండీకి విశాఖ మరపడవల యజమానులను గురువులుగా పిలిపించాలని నా మనవి. ఇక్కడి రైతుకు పంట కోయడం ఇంకా రాలేదు. పండిన కాయను వెతికి, తుంచి, పచ్చిదాన్ని చెట్టుకే వదిలేసి క్రేటుకెత్తుతాడు. అందులో నాలుగు పిందెలు కనబడ్డాయా, వేలంలో ధర దిగుతుంది. ఎంత వెనకబాటు!

సముద్రంలో ఈ చాదస్తాల్లేవు. సంచిలాంటి వల, దాని నోరు తెరిచి ఉంచే బరువైన పలకలు, కింద ఇనుప గొలుసు. నేలను ఒరుసుకుంటూ గంటల తరబడి లాగడమే. బెదిరిన రొయ్య బురదలోంచి ఎగిరి వలలో పడుతుంది. దాని వెంటే పీతపిల్లలు, నత్తలు, స్పంజికలు, సముద్రపు విసనకర్రలు, ఒక్కోసారి ఊపిరాడక చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు. రొయ్యను ఏరి మంచులో పెడతారు. మిగతాది చెత్త. కొంత చచ్చి నీళ్లపాలవుతుంది, కొంత ఎండి పొడై కోళ్ల దాణాలో కలుస్తుంది. సముద్రం మొహం చూడని పుంగనూరువాసి కూడా ఏదో ఒక ఆదివారం దాని అడుగును కోడికూరగా ఆరగించే ఉంటాడు.

చట్టం లేదనకండి. 1994 నాటి రాష్ట్ర చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్లు తెప్పలవి, నాటుపడవలవి. మరపడవలు అవతలే వేటాడాలి. నీళ్లమీద గీత కనబడదు కదా, పాపం సరంగుకు! ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేటకు విరామం. 2015కు ముందు 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టుకోవడానికి మంచిదే. అయితే ఎదగడానికి దశాబ్దాలు పట్టే స్పంజికలు, పగడాలు కూడా జూన్ 15 కల్లా లేచి నిలబడాలని సర్కారువారి ఆకాంక్ష కాబోలు.

ఇదేదో కొత్త గోల అనుకునేరు. 1376లోనే ఇంగ్లండ్ పార్లమెంటుకు ఇలాంటి వలమీద అర్జీ వెళ్లింది. అడుగున మొలిచినవన్నీ నాశనమవుతున్నాయని, చిన్న చేప మరీ ఎక్కువై పందులకు మేపుతున్నారని మొర. ఆరున్నర శతాబ్దాల్లో మానవజాతి సాధించిన ప్రగతి ఏమిటంటే, పందికి తోడు కోడి వచ్చింది.

పక్కనున్న శ్రీలంక 2017లో తన నీళ్లలో ఇలా అడుగును ఈడ్చే ట్రాలింగునే చట్టంతో నిషేధించింది. మన దగ్గర 61 రోజులు పోగా మిగిలిన 304 రోజులూ ఆ వలకు పనిదినాలే.