కటౌటుకు సెట్‌బ్యాక్ ఉండదు

తెలంగాణలో 75 గజాల జాగాలో 7 మీటర్ల ఎత్తు మించకుండా ఇల్లు కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు. భవన అనుమతుల చట్టం టీఎస్ బీపాస్ ప్రకారం ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 2020లో వచ్చిన ఈ చట్టం మంచిదే, కాదనం. పెద్ద భవనాలకైతే 21 రోజుల్లో అధికారి నోరు మెదపకపోయినా అనుమతి వచ్చినట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారమంటారు, ఇక్కడ పూర్ణాంగీకారమే!

అదే ఏడాది హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగులు దాటి ప్రకటన బోర్డు ఉండరాదని జీవో 68 కూడా వచ్చింది. కిరాణా కొట్టాయన టేపు పట్టి మరీ బోర్డు కొలుచుకున్నాడు. చౌరస్తాలో అన్న పుట్టినరోజు కటౌటుకు మాత్రం ఆ టేపు చాలదు. పదిహేను అడుగుల దగ్గర ఇంకా అన్న బెల్టే తగులుతుంది. ఆపైనున్నది ప్రకటన కాదట, అభిమానమట. పక్కనే చిన్న ఫొటోల వరుసలో కార్పొరేటరు గారూ దండం పెడుతుంటే, నోటీసు ఎవరి పేరున రాయాలో టౌన్ ప్లానింగ్ వాళ్లకు పాపం తోచదు.

మన ఇంటి మెట్టు అరడుగు రోడ్డు మీదికొస్తే మాత్రం వెంటనే తోస్తుంది. గడ్డపారతో సహా వస్తారు.