గుడ్‌విల్ తరుగు రాయకుండా గట్టెక్కడం ఎలా?

కెనడాలోని మార్కమ్‌లో సముద్రం లేదు, రేవు లేదు. హైవే 7 ఉంది, 2013 నుంచి సంగీత దర్శకుడు రహమాన్ పేరిట ఒక వీధి ఉంది, కావలసినంత మంచు ఉంది. ఓడల కంపెనీ లెక్కలు రాసే తెలుగు అకౌంటెంటుకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. ఓడ కంటపడితే తుప్పు కూడా కంటపడుతుంది. అప్పుడు విలువ తగ్గించాలనే దుర్బుద్ధి పుడుతుంది. కాబట్టి సెలవు రోజున పిల్లల్ని కారెక్కించుకుని వెల్లండ్ కాలువ దాకా పోయి ఓడల్ని చూసి రాకండి. ఎక్సెల్‌లో చూసుకుంటే చాలు.

ఐఏఎస్ 36 అనే అకౌంటింగ్ ప్రమాణం అడిగేది చిన్న విషయమే. వాడుకుంటేనో అమ్ముకుంటేనో ఎంత రాబట్టగలమో, అంతకు మించిన విలువ ఆస్తికి పుస్తకాల్లో ఉండకూడదు. ఓడకైతే నష్టం జాడ కనిపించినప్పుడు పరీక్ష పెట్టాలి. గుడ్‌విల్‌కి జాడ ఉన్నా లేకున్నా ఏటా పెట్టాలి. ఇంకో కంపెనీని కొనేటప్పుడు దాని నికర ఆస్తుల విలువకు పైన పోసిన సొమ్మే గుడ్‌విల్. ఆ సొమ్ము ఇప్పుడు ఎక్కడుందని ఎవరూ అడగకుండా చూసుకోవడానికే మీకు జీతం.

అందుకు మొదటి ఉపాయం, కలిపెయ్యడం. గుడ్‌విల్‌ని విడిగా పరీక్షించరు, అది ఏ వ్యాపారానికి అంటుకుని ఉందో దానితో కలిపి చూస్తారు. నిన్న కొన్న టగ్గుల కంపెనీని నిక్షేపంలా నడిచే ట్యాంకర్లతో ఒకే యూనిట్‌లో వెయ్యండి. ఉమ్మడి కుటుంబంలో పనీపాటూ లేని బావమరిది కంచాన్ని ఎవరు లెక్కపెడతారు? ఆ యూనిట్ కంపెనీ విడిగా లెక్క చూసుకునే విభాగం, అంటే ఆపరేటింగ్ సెగ్మెంట్ కన్నా పెద్దది కాకూడదని నియమం ఉంది. అయితే ముందు సెగ్మెంట్‌నే పెద్దది చేయించండి.

అసలు విద్య డిస్కౌంట్ రేటులో, అంటే రేపటి రాబడిని ఇవాల్టి విలువకు దించే శాతంలో ఉంది. పుస్తకాల్లో విలువ 16 కోట్ల డాలర్లు, వచ్చే ఏడాది రాబడి కోటి, ఆపైన ఏటా 2 శాతం పెరుగుదల అనుకుందాం. రేటు 8.5 శాతమైతే లెక్క 15.38 కోట్లకు తేలుతుంది, 62 లక్షలు తరుగు రాయాలి. ఆ గడిలో 8 కొట్టండి, 16.67 కోట్లు! ఒక్క టన్ను సరుకు పెరగలేదు, ఒక్క ఓడ కదల్లేదు, తరుగు పోయి 67 లక్షల మిగులు వచ్చింది. ఆడిటర్ ఎందుకని అడిగితే బీటా అనండి. ఇంకా అడిగితే ఇలాంటి కంపెనీలతో పోల్చామనండి. ఏ కంపెనీలని అడిగితే మీటింగ్ వచ్చే వారానికి వాయిదా వెయ్యండి.

ఫోర్‌కాస్ట్ మామూలుగా ఐదేళ్లు దాటకూడదు. మొదటి రెండేళ్లు వినయంగా ఉంచండి, వాటిని తర్వాత ఎవరైనా సరిచూస్తారు. మూడో ఏడు నుంచి ధైర్యంగా పెంచుకోండి. ఏటా ఆ మూడో ఏడుని ఒక ఏడు వెనక్కి జరుపుతుంటే సరి. గ్రేట్ లేక్స్‌ని సముద్రంతో కలిపే సెయింట్ లారెన్స్ సీవే జనవరికల్లా మూతపడి మార్చి ఆఖర్లో గానీ తెరుచుకోదు గనక ఏ నష్టాన్నయినా చలికాలం మీదికి నెట్టవచ్చు. గ్రేట్ లేక్స్ మంచినీళ్లలో ఓడలు ఉప్పునీటి ఓడల కన్నా దశాబ్దాలు ఎక్కువ నిలుస్తాయన్న మాట నిజమే. ఆ నిజాన్ని సాగినంత సాగదీయండి.

ఓడల కంపెనీ మార్స్క్ వాళ్లని మాత్రం ఆదర్శంగా తీసుకోకండి. చమురు ధరలు పడిపోయాక 2016 లెక్కల్లో డ్రిల్లింగ్ రిగ్గులకూ సప్లై ఓడలకూ కలిపి సుమారు 270 కోట్ల డాలర్లు కొట్టేసి, గ్రూపు మొత్తానికి 190 కోట్ల నష్టం ప్రకటించారు. అంత నిజాయితీ మన ఒంటికి పడదు.

ఎటూ తప్పదనుకుంటే, కొత్త సీఈవో వచ్చిన ఏడాదే మొత్తం ఒకేసారి కొట్టెయ్యండి. పాపం పాతాయన ఖాతాలోకి పోతుంది. నష్టం ముందు గుడ్‌విల్‌ని మింగి, మిగిలితేనే ఓడల మీదికి వస్తుంది. మంచి రోజులొస్తే ఓడ తరుగుని తిరగరాయవచ్చు, గుడ్‌విల్‌కి ఆ యోగం లేదు. తరుగు పోగా ఓడల విలువ తగ్గితే, తరవాతి ఏళ్లలో డిప్రిసియేషన్ కూడా తగ్గి లాభం తళతళలాడుతుంది. ఇక ప్రెస్ నోట్‌లో ఇది నగదుతో సంబంధం లేని పద్దు అని రాయండి. అందులో అబద్ధమేమీ లేదు, నగదు కంపెనీని కొన్నరోజే పోయింది. ఆ రెండో ముక్క మాత్రం రాయకండి.