పంద్రాగస్టు కార్డు: పని తక్కువ, పేరు ఎక్కువ

ఇంట్లో కటింగ్ మిషన్ పెట్టుకుని కూడా ఆగస్టు 15కి గ్రీటింగు కార్డు చేయడానికి జంకేవాళ్లు చాలామంది ఉన్నారు. జంకు అక్కర్లేదు. క్రికట్ అయినా సిల్హౌట్ కేమియో అయినా చేసే పని ఒక్కటే. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మనం ఎంచుకున్న బొమ్మ గీతల వెంబడి చిన్న బ్లేడు నడుస్తుంది, జిగురు చాప మీద అంటించిన కాగితాన్ని కోసి పెడుతుంది. మిషన్‌కే అంత తెలివి ఉన్నప్పుడు మన తెలివి దాని మీద ఖర్చు పెట్టడం దండగ. మన తెలివిని సాకుల కోసం దాచుకోవాలి. కార్డు ఎలా వచ్చినా సాకు బాగా వస్తే చాలు, కళాకారులన్న పేరూ వస్తుంది, దేశభక్తులన్న పేరూ వస్తుంది. కింది చిట్కాలు వరసగా పాటించండి.

కావలసినవి: కటింగ్ మిషన్, పాత శుభలేఖలు నాలుగైదు, నగల దుకాణం వాళ్లిచ్చిన ఆకుపచ్చ సంచి, పోయినేటి క్యాలెండరు, అన్నం మెతుకులు, చెప్పిన మాట వినే పిల్లవాడు ఒకడు.

1. పద్నాలుగో తేదీ రాత్రి పది దాటాక మొదలుపెట్టండి.
ముందే మొదలుపెడితే తప్పులు దిద్దుకునే వ్యవధి ఉంటుంది. వ్యవధి ఉంటే దిద్దుకోవాల్సి వస్తుంది. సాఫ్ట్‌వేర్ తెరవగానే అప్‌డేట్ అడిగితే సంతోషంగా ఒప్పుకోండి, అది పూర్తయ్యేలోపు ఒక కునుకు తీయండి. ఇంట్లోవాళ్లు సణిగితే 1947లో స్వాతంత్ర్యం వచ్చింది కూడా ఆగస్టు 14 అర్ధరాత్రేనని గుర్తుచేయండి. బయటివాళ్లు అడిగితే మాత్రం ఆగస్టు 2నే, జెండా రూపకర్త పింగళి వెంకయ్య జయంతి రోజునే శ్రీకారం చుట్టామనండి. ఆ పేరు విన్నాక ఎవరూ ఆరా తీయరు.

2. ఉచితంగా దొరికిన మొదటి బొమ్మనే తీసుకోండి.
దేశభక్తి బొమ్మలు కావాలని ఇంగ్లీషులో వెతికితే వచ్చేవి ఎక్కువగా అమెరికా వాళ్ల జూలై 4 బొమ్మలే. చుక్కలు, చారలు, గద్ద, కాగడా పట్టుకున్న ఆవిడ వరసకట్టి వస్తాయి. మళ్లీ వెతకకండి. గద్దను గరుత్మంతుడనండి, కాగడా ఆవిడను భారతమాత అనండి. బాణసంచా ఏ దేశానిదైనా బాణసంచానే. ఎక్కడైనా 1776 అని ఉంటే దాని మీద ఒక చెమ్కీ బిళ్ల అంటించండి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ చిట్కా మరీ లాభం. జూలై 4కి మిగిలిన కార్డులను 42 రోజులు దాచుకుంటే ఆగస్టు 15 వచ్చేస్తుంది.

3. కాగితం కొనకండి.
తెలిసినవాళ్లు 250 జీఎస్ఎం కార్డు కాగితం తెచ్చుకోమంటారు. వాళ్ల మాట వింటే దుకాణం దాకా వెళ్లాలి. కాషాయానికి శుభలేఖలున్నాయి, మూలల్లో పసుపు కూడా ముందే రాసి ఉంటుంది. వెనకవైపు పెళ్లికూతురి పేరు కనిపిస్తే దేశమంతా ఒకే కుటుంబమని చెప్పడానికే అలా ఉంచామనండి. ఆకుపచ్చకు నగల దుకాణం సంచి కోయండి. తెలుపుకు క్యాలెండరు వెనకవైపు చాలు. రాహుకాలం, వర్జ్యం కాస్త కనిపించినా చదివేవాళ్లకు పనికొస్తాయి.

తెల్ల కాగితం చాలలేదా? ఇంకా మంచిది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి చూపించిన జెండా ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లోనే ఉంది. తెలుపు గాంధీజీ సూచన మీద తర్వాత చేరింది. మీ కార్డులో తెలుపు లేకపోతే పాత నమూనా అనండి. కాగితం మిగులుతుంది, చరిత్ర తెలిసినవాళ్లన్న పేరు అదనంగా వస్తుంది.

4. చాప రంగు చూడకండి.
జిగురు చాపలు రంగుల వారీగా వస్తాయి. క్రికట్‌లో అయితే పలచని కాగితానికి నీలం, కార్డు కాగితానికి ఆకుపచ్చ, బాగా మందమైనవాటికి ఊదా. మీరు అన్నిటికీ ఊదా రంగు చాపే వాడండి. దాని జిగురు గట్టిది, క్యాలెండరు కాగితాన్ని అస్సలు కదలనివ్వదు, తర్వాత మిమ్మల్ని కూడా తీయనివ్వదు. చాప మీద కప్పే ప్లాస్టిక్ పొరను మొదటి రోజే పారేయండి. దుమ్ము, వెంట్రుకలు పట్టి జిగురు దానంతటదే తగ్గుతుంది. అప్పుడు కాగితం జారితే తప్పు చాపది.

5. నమూనా కోత వేయకండి.
మూలలో చిన్న ముక్క కోసి చూసుకుని, లోతు సరిపోయాకే అసలు కోత మొదలుపెట్టాలని అందరూ చెబుతారు. నమూనా చూస్తే లోపం ముందే తెలిసిపోతుంది, ఇక మిషన్‌ను తిట్టడానికి ఏమీ మిగలదు. కాగితం రకం దగ్గర జాబితాలో మొదట కనిపించిన దాన్ని నొక్కండి. బ్లేడు మార్చకండి. పిల్లవాడి సైన్సు ప్రాజెక్టుకు ఉప్పు కాగితం కోసిన బ్లేడు ఉంటే దాన్నే బిగించండి. అది కోయకుండా పీకుతుంది. అంచులు పీచుపీచుగా వస్తే ఖాదీ పద్ధతి అనండి.

6. అటాచ్ మీట జోలికి పోకండి.
తెర మీద ముక్కలన్నీ చక్కగా ఒకచోట కనిపిస్తాయి. వాటిని అటాచ్ చేయకపోతే సాఫ్ట్‌వేర్ కాగితం ఆదా చేయడానికి ఒక్కో ముక్కను ఒక్కో మూలకు జరుపుతుంది. జరపనివ్వండి, ఆదా మంచి గుణం. జెండా కర్ర ఒకచోట, కోట గోడ మరోచోట తెగుతాయి. తర్వాత వాటిని కలిపే పని పిల్లవాడికి ఇచ్చి, మెదడుకు పదును పెట్టే ఆట అని చెప్పండి. వాడు కలిపింది ఎర్రకోటలా ఉంటే ఎర్రకోట అనండి. కాకపోతే గోల్కొండ అనండి, 2014 నుంచి తెలంగాణ ముఖ్యమంత్రి మామూలుగా జెండా ఎగరేసేది అక్కడే. గోల్కొండలా కూడా లేకపోతే అది వాన మబ్బు. ఆగస్టులో మబ్బు సహజం.

7. చక్రాన్ని రూపాయి బిళ్లంత చేయండి.
జెండాలోని అశోక చక్రం ముదురు నీలం, ఆకులు 24. అంత చిన్న సైజులో మందపాటి కాగితం మీద కోయిస్తే ఆకులు దారప్పోగుల్లా వచ్చి సగం చాపకే అతుక్కుపోతాయి. మీకు కావలసింది అదే. పదిహేడు మిగిలితే పదిహేడే అంటించండి. కూర్చుని లెక్కపెట్టే మనిషి అపార్ట్‌మెంటుకు ఒకరుంటారు, సాధారణంగా రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు కార్డు ఇవ్వకండి. ఒక్క ఆకూ మిగలకపోతే నీలం పెన్నుతో ఒక సున్న చుట్టి రాట్నం అనండి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఇప్పటి జెండాను ఆమోదించేదాకా కాంగ్రెస్ జెండా మీద ఉన్నది రాట్నమే. మూడో చిట్కాలోని పాత నమూనా సాకు ఇక్కడ కూడా సరిపోతుంది. ఒకే సాకును రెండుచోట్ల వాడుకోవడమే పొదుపు.

8. తెలుగు అక్షరాలను విడివిడిగా కోయించండి.
'స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు' అని పెద్దగా టైపు చేసి నేరుగా కోతకు పంపండి. ఒత్తు, అక్షరం ఒకదాని మీద ఒకటి ఎక్కేచోట వెల్డ్ నొక్కితే కలిసి ఒకే ముక్కగా తెగుతాయి. నొక్కకండి. ఒత్తులు తెగి వేరుగా రాలతాయి, సున్నల మధ్య బిళ్లలు ఊడి పడతాయి. ఆ ముక్కలన్నీ ఒక అగ్గిపెట్టెలో దాచండి, సంక్రాంతి కార్డుకు చల్లుకోవచ్చు. మిగిలిన అక్షరాలను అన్నం మెతుకులతో అంటించండి. ఏ ఒత్తు ఎక్కడిదో తేలకపోతే 'స్వా' ఒక్కటి ఉంచి పక్కన మూడు చుక్కలు పెట్టండి. మిగతాది చదివేవాళ్లు పూరించుకుంటారు. మిర్రర్ మీట పొరపాటున నొక్కుడుపడి అక్షరాలు తిరగబడితే కార్డుతోపాటు చిన్న అద్దం ఇవ్వండి.

9. మడత గీత బదులు కోత గీత పెట్టండి.
మందపాటి కాగితం తిన్నగా మడవాలంటే ముందు గాటు గీత వేయాలి, దానికి వేరే పనిముట్టు బిగించాలి. అంత ఓపిక ఎవరికుంది? ఆ గీతను కూడా కోతగానే వదిలేయండి. కార్డు నిట్టనిలువునా రెండు ముక్కలవుతుంది, అంటే ఒకే శ్రమకు రెండు కార్డులు. ఇద్దరు బంధువులకు సర్దేయండి. మొదటివాళ్లకు బొమ్మ, రెండోవాళ్లకు మీ సంతకం.

10. కాగితాన్ని చాప మీద నుంచి ఒక్క గుంజు గుంజండి.
చాపను బోర్లించి, చాపనే మెల్లగా వంచుతూ తీస్తే కాగితం తిన్నగా ఉంటుంది. తిన్నగా ఉన్న జెండా చప్పగా ఉంటుంది. మూల పట్టుకుని బలంగా లాగండి, కాగితం చుట్ట చుట్టుకుంటుంది. జెండా గాలికి రెపరెపలాడుతోందని చెప్పండి. ఆ వంపు కోసమే తెల్లవార్లూ కష్టపడ్డామని కూడా కలపండి.

11. రంగుల వరస గురించి బుర్ర పాడుచేసుకోకండి.
ఏ ముక్క ముందు చేతికి వస్తే దాన్ని పైన అంటించండి. పొడవు ఎత్తుల మధ్య 3:2 నిష్పత్తి ఉండాలన్న కొలత పక్కన పెట్టండి, సంచి ఎంత ఉంటే జెండా అంత. పక్కింటి పిన్నిగారు, "ఇదేంటి నాయనా, ఆకుపచ్చ పైకొచ్చింది?" అంటారు. "మీరు తలకిందులుగా పట్టుకున్నారు పిన్నిగారూ" అనండి. ఆవిడ తిప్పి చూస్తారు. ఇప్పుడు మీ పేరు తలకిందులైందని కనిపెట్టేలోపు లిఫ్టు ఎక్కేయండి.

12. తెల్ల పట్టీ మీద మీ పేరు పెద్దగా రాయండి.
అంత ఖాళీ జాగా ఊరికే వదలకూడదు. మీ పేరు, ఫ్లాట్ నంబరు, వీలైతే మీ బావమరిది టిఫిన్ సెంటర్ ప్రకటన కూడా పెట్టండి. జెండా మీద ఎలాంటి రాతా ఉండకూడదని 2002 నాటి పతాక నియమావళి చెబుతుందని ఎవరో ఒకరు లేస్తారు. "ఇది జెండా కాదండీ, మూడు రంగుల డిజైను" అనండి. ఆయన ఊరుకోకుండా, 1971 చట్టం ప్రకారం జెండా బొమ్మ కూడా జెండా కిందే లెక్క, అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు అంటే, ఫోన్ మోగినట్టు జేబు తడుముకుంటూ మెట్లు దిగిపోండి. వాదనలో గెలవడం కన్నా మెట్లు దిగడం సులువు.

13. ఎన్నో వేడుకో రాయకండి.
2022లో స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు నిండాయి, జరుపుకున్నది మాత్రం 76వ వేడుక. ఏటా ఈ లెక్క దగ్గర పెద్దపెద్దవాళ్లే తడబడతారు. మీరు అంకె వేయకపోతే తప్పు దొరకదు. ఇంకో లాభమూ ఉంది. తేదీ లేని కార్డు జనవరి 26కి పనికొస్తుంది, జూన్ 2న తెలంగాణ ఆవిర్భావానికి పనికొస్తుంది, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అవతరణకూ పనికొస్తుంది. అందుకున్నవాళ్ల దగ్గర నుంచి పండగ అయ్యాక కార్డు తిరిగి అడిగి తెచ్చుకోండి.

14. కార్డును పదిహేనో తేదీనే పోస్టు డబ్బాలో వేయండి.
ఆ రోజు పోస్టాఫీసుకు సెలవు. కార్డు ఎప్పటికి చేరినా ఆలస్యం తపాలాశాఖ ఖాతాలో పడుతుంది. చేరకపోతే ఇంకా హాయి, దాని అందం గురించి మీరు ఎంత చెప్పినా నమ్మాలి. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మాత్రం దూరం నుంచి, లైటు తక్కువగా ఉన్నప్పుడు తీసిన ఫొటో పెట్టండి. కింద 'స్వహస్తాలతో' అని రాయండి. ఎవరైనా పొగిడితే దండం బొమ్మ పెట్టండి. తప్పు పడితే పిల్లవాడు చేశాడని, ఆరో ఏటే ఇంత చేయగలిగాడని రాయండి. తప్పు పట్టినవాళ్లే క్షమాపణ చెబుతారు.

15. ముక్కలు ఊడ్చి పక్క ఫ్లాటు గుమ్మం ముందుకు తోయండి.
కాగితపు జెండాలను నేల మీద పారేయకూడదని, గౌరవంగా ఏకాంతంలో విసర్జించాలని ఆ పతాక నియమావళిలోనే ఉంది. మీరు పారేసింది జెండా కాదు, జెండా కాలేకపోయిన ముక్కలు. ఈ తేడా గట్టిగా పట్టుకోండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆ రాత్రి గాలి బాగా వీచిందనండి.

ఇంత చేశాక మిషన్‌ను తుడవకుండా, చాపను అందులోనే వదిలి అటక మీదకు ఎక్కించండి. కార్డు చూసినవాళ్లు వచ్చే ఏడాది నుంచి మీకు పని చెప్పరు, కార్డు చేసి పెట్టమని ఎవరూ అడగరు. ఈ చిట్కాలు అక్షరాలా పాటించినవాళ్లకు దక్కే అసలు స్వాతంత్ర్యం అదే. జనవరి 26కి ఇంకా అయిదు నెలల పైనే ఉంది. దయచేసి ఇప్పటినుంచే తొందరపడకండి.