ఆర్ఎంపీ మామ హితవు

అల్లుడూ, నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఆసుపత్రి పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు ఎండీ చదివావు, కాదనను. కానీ గురజాల చుట్టుపక్కల ముప్పై ఏళ్లు సూదులేసిన చెయ్యి ఇది. నాలుగు ముక్కలు చెబుతా, విను.

ముందు బోర్డు. కోటప్పకొండ ప్రభంత ఎత్తుండాలి. రిజిస్ట్రేషన్‌కి తొందరేముంది? 2002లో ప్రైవేటు ఆసుపత్రుల చట్టం చేశారు, 2007లో రూల్స్ వచ్చాయి, డీఎంహెచ్‌వో ఆఫీసు, ఐదేళ్లకోసారి రెన్యువల్... చూద్దాంలే. ధరల పట్టిక అందరికీ కనపడేలా పెట్టాలట. పెట్టు, మందుల ఫ్రిజ్ వెనకాల. లింగ నిర్ధారణ చెయ్యం అనే బోర్డు మాత్రం స్కానింగ్ మిషన్ రాకముందే తగిలించు, ఆసుపత్రికి నిండుదనం వస్తుంది. స్కానింగ్‌కి నింపే ఫామ్ ఎఫ్‌లో గళ్లు ఖాళీగా వదిలెయ్. వాటిని గుమాస్తా పొరపాట్లని సర్దుకోవడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు అంది. అంటే అంది, ఢిల్లీ ఎక్కడ, పేట ఎక్కడ!

చెత్తకి పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులు చెప్పారు. నాలుగు డబ్బాలూ కొని వచ్చేవాళ్లకి కనపడేలా వరసగా పెట్టు. వెనకాల అన్నీ ఒకే గోతాంలో పోయించు. సూదులు తెల్లడబ్బాలో వెయ్యాలట! నా దిబ్బలో ఏరుకున్న సిరంజీలతో మా వీధి పిల్లలు ఇప్పటికీ నీళ్లు చిమ్ముకుంటారు. ఆ ఆనందం పోగొట్టకు.

రాత్రి పదకొండింటికి ట్రాక్టర్ వస్తుంది. మిరపకి తెచ్చిన మందు తాగినవాడు తొట్టిలో పడుంటాడు, నోట్లో నురగ, వాసన గేటు దాకా కొడుతుంటుంది. వాళ్ల తమ్ముడు డబ్బా పట్టుకుని దూకుతాడు, దాని మీద కాగితం సగం చిరిగి ఉంటుంది. ఆ డబ్బా ముట్టుకోకు. అట్రోపిన్ కోసం వెతకొద్దు. "పోలీసు కేసు, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అను. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు కాగితం అని 1989లోనే సుప్రీంకోర్టు తేల్చిందని నువ్వంటావు. మరి తేల్చినవాళ్లు రాత్రి పదకొండింటికి నీ గేటు దగ్గర ఉంటారా?

ఒకవేళ నీ మంచం మీదే పోతే అద్దాలు పగులుతాయి. అప్పుడు 2008 చట్టం కాపీ తీసి, వైద్యుల మీద చెయ్యి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు అని నిదానంగా చదివి వినిపించు. గుంపు కింద కూర్చుని వింటుంది.

బిల్లు ఇవ్వకు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తీర్పొచ్చింది. బిల్లే లేకపోతే డబ్బు తీసుకున్నట్టెలా అవుద్ది? ఆపరేషన్‌కి ముందు తెల్లకాగితం మీద వేలిముద్ర చాలు, విషయం తర్వాత రాసుకోవచ్చు. కేస్ షీట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలట. ఏ 72 గంటలో అందులో రాయలేదుగా.

ఇక మన లెక్క. కేసు పంపినవాళ్లకి కమీషన్ ఇవ్వడం తప్పని వైద్యుల 2002 నియమావళిలో ఉందని నువ్వు మొహం ముడుచుకుంటావు. నేనడిగేది కమీషన్ కాదు నాయనా, ఆటో ఖర్చు. నూటికి ముప్పై ఆటో ఖర్చు.

అసలు శుభవార్త చివర చెబుదామని ఆగా. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది గదా, అందులో 106వ సెక్షన్. నిర్లక్ష్యం వల్ల మనిషి పోతే ఐదేళ్ల దాకా జైలు. వైద్యం చేస్తుండగా అయితే ఆర్ఎంపీకి రెండేళ్లే! పొడి అక్షరాలు కూడా కాదు, రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని పూర్తిగా రాశారు. ముప్పై ఏళ్లకి గుర్తించారు మనల్ని. ఆ పేజీ లామినేషన్ చేయించి సెలైన్ వేలాడదీసే మేకు పక్కనే తగిలించా.

మొన్న మీ నాన్న వచ్చి కళ్లజోడు పెట్టుకుని కింది సన్నక్షరాలు కూడా చదివాడు. గుర్తింపున్న వైద్య డిగ్రీ ఉండి, జాతీయ రిజిస్టర్లోనో రాష్ట్ర మెడికల్ రిజిస్టర్లోనో పేరెక్కినవాడికే ఆ రెండేళ్లట. మిగతా అందరికీ ఐదే. పైగా ఆ పేరు లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా అని 2019 చట్టంలో ఉందంటూ కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అందుకే అడుగుతున్నా. నువ్వు విజయవాడ వెళ్లి పేరెక్కించుకున్నావు గదా, మళ్లీ వెళ్లేటప్పుడు ఓ మాట చెప్పు. ఆ పుస్తకంలో నీ పేరు కింద ఒక్క గీత ఖాళీ ఉంటే చాలు. పెన్ను నేనే తెచ్చుకుంటా.