పీవీసీ నౌకాదళాధిపతి

చీరాలలో సబ్‌మెరైన్ బాబాయిని గుర్తుపట్టడం తేలిక. హార్డ్‌వేర్ కొట్లో 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు చివర కన్ను ఆనించి, అవతలి చివర నిలబడ్డ కుర్రాణ్ణి తదేకంగా చూస్తుంటాడు. గుండ్రం పిసరంత వంకరపోయినా వద్దంటాడు. "బాత్రూముకి ఇంత పట్టింపు దేనికండీ?" అని కొట్టతను విసుక్కున్నా నోరు మెదపడు. నౌకాదళ రహస్యం కదా!

ఎగిరే బొమ్మలు చేసేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. రిమోట్‌తో మునిగి, మళ్లీ పైకి తేలే బొమ్మ చేస్తానని కూర్చునేవాడు వేరే జాతి. ఉద్యోగం బ్యాంకులోనో బడిలోనో ఉంటుంది, ధ్యాస మాత్రం నీటి అడుగున. విదేశీ కిట్లు తెప్పించుకోవచ్చు కదా అంటే బాబాయికి కోపం. కిట్టు బిగించినవాడు ఫిట్టరేగాని డిజైనరు కాడంటాడు. అందుకే పెళ్లి శుభలేఖల వెనకవైపంతా గీతలూ లెక్కలూ. ముహూర్తం ఎప్పుడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ లెక్కల్లో మొదటిది ఆర్కిమెడిస్‌ది. మీటరు పొడవున్న ఆ పైపు రెండు చివర్లా మూసేస్తే తొమ్మిదిన్నర లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. అంటే అది మునగాలంటే మొత్తం బరువు తొమ్మిదిన్నర కిలోలు ఉండాలి. మోటార్లూ బ్యాటరీలూ ఎన్ని కుక్కినా సగం కూడా రాదు. అప్పుడు బాబాయి వాడరేవు జాలర్ల దగ్గరికి వెళ్లి వలలకు కట్టే సీసపు గుళ్లు కిలోల లెక్కన అడుగుతాడు. "వలలు ఎన్నున్నయ్యండీ మీకు?" అంటారు వాళ్లు. ఒక్కటీ లేదు. ఆ సీసమంతా పైపు అడుగున పేర్చాలి, లేకపోతే బొమ్మ నీళ్లలో వెల్లకిలా పడుతుంది.

మెడికల్ షాపులో ఇంకో విచారణ. అరవై మిల్లీలీటర్ల సిరంజీలు రెండు కావాలంటే, సూది కూడా వద్దంటే, షాపాయన అనుమానంగా "పశువులకా?" అంటాడు. అవి బల్లాస్ట్ ట్యాంకులు. చిన్న మోటారు మరకడ్డీని తిప్పి పిస్టన్లను వెనక్కి లాగితే 120 గ్రాముల నీరు లోపలికి వచ్చి బొమ్మ దిగుతుంది. ముందుకు నెడితే నీరు బయటికిపోయి తేలుతుంది. సబ్‌మెరైన్ అంటే ఇంతేనా అనిపిస్తుంది, మూత దగ్గర రబ్బరు రింగు కారేదాకా. ప్రతి పరీక్షకూ ముందు లోపల టిష్యూ కాగితం పరిచి, తర్వాత తడి ఎక్కడుందో భూతద్దంతో వెతుకుతాడు. కేసు పట్టుకున్న ఎస్సైకి కూడా అంత ఆనందం ఉండదు.

బాబాయికి తీర్థయాత్ర అంటే విశాఖ ఆర్కే బీచ్. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడు మ్యూజియమైన ఐఎన్ఎస్ కుర్సురా అక్కడుంది. అందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే ఈయన వాల్వులనూ పైపుల అతుకులనూ ఫొటోలు తీస్తాడు. వెనక క్యూ ఆగిపోతుంది. 91 మీటర్ల పడవలో ఈయనకు నచ్చినవి ఆ అతుకులే.

అసలు చిక్కు రేడియోతో. డ్రోన్లకు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీళ్లలో బెత్తెడు లోతు దిగేలోపే చచ్చిపోతుంది. పాతకాలపు 40 మెగాహెర్ట్జ్ సెట్టు అయితే మంచినీళ్లలో కొన్ని మీటర్ల దాకా పనిచేస్తుంది, ఉప్పునీళ్లలో అదీ పనిచేయదు. నిజమైన నౌకాదళానికీ ఇదే బాధ. సముద్రంలోని సబ్‌మెరైన్లతో మాట్లాడటానికే వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2,900 ఎకరాల్లో రేడియో కేంద్రం కట్టడానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. బాబాయి డాబా మీద అంత చోటు లేదు.

"మా పోగు తెగితే ముడేసుకుంటాం. నీ సిగ్నలు తెగితే ఏం చేస్తావయ్యా?" అని పక్కింటి మగ్గం పెద్దాయన ఒకసారి అడిగాడు. బాబాయి మొహం వెలిగిపోయింది. సిగ్నలు పోగానే సిరంజీలు వాటంతటవే నీటిని కక్కేసి బొమ్మ తేలే ఏర్పాటు ఉందని గంటసేపు చెప్పాడు. పెద్దాయన ఆ పూట నేత నేయలేదు.

ఇక సముద్రం పక్క ఊళ్లో ఉండి మంచినీటి కోసం వేట. రామాపురం రిసార్టులో ఈతకొలను అడిగితే మేనేజరు కిటికీలోంచి బంగాళాఖాతాన్ని చూపించాడు. అందులో దింపాలంటే రేడియో సంగతి అలా ఉంచి, ఉప్పునీటి సాంద్రతకు మరో పావుకిలో సీసం కట్టాలని బాబాయి వివరించాడు. మేనేజరు సెక్యూరిటీని పిలిచాడు.

చివరికి దొరువే దిక్కయింది. ఈ తీరపు ఇసుకలో ఉప్పునీటి మీద మంచినీరు పలచగా తేలి ఉంటుంది. దాన్ని తోడుకోవడానికి రైతులు తవ్వుకునే గుంట అది. తక్కువ లోతైనా మంచినీరే. బొమ్మ మునిగింది, తిరిగింది, తేలింది. గట్టు మీద పిల్లలు టార్పెడో వేయమని గోల. రైతు మాత్రం తాపీగా చూసి అన్నాడు:

"అడుగుదాకా పోద్దిగా? మా మోటారు ఫుట్‌వాల్వుకి నాచు పట్టిందేమో చూసి చెప్పు."

బాబాయికి ముందు రోషం వచ్చింది. తర్వాత జేబులోంచి శుభలేఖ తీశాడు. కెమెరా, లైటు, వాటికో చిన్న డబ్బా. ఇంతకీ ముందువైపు ఎంత సీసం తగ్గించాలి?