పడగకు పసుపు, పొట్టకు పుండు

దీపావళి వెళ్లిన నాలుగోనాడు నాగులచవితి. రామకుప్పం పొలాల్లోని పుట్టలకూ, మదనపల్లె వీధుల్లో తిరిగే బుట్టలకూ ఒకటే పండగ. పుట్టలో నాగన్న కనబడడు కాబట్టి చలిమిడి, చిమ్మిలి పెట్టి, పాలు పోసి వచ్చేస్తాం. బుట్టలో నాగన్న అలా తప్పించుకోలేడు. పాములాయన మూత తీయడమే ఆలస్యం, పడగ మీద పసుపు, దానిమీద కుంకుమ, మూతి కింద పాలగిన్నె. ఒలికిన పాలతో తడిసిన గుడ్డ మీదే స్వామి మళ్లీ చుట్ట చుట్టుకుంటాడు. ఇంత సేవ చేసే భక్తులు ఆయన పొట్ట వైపు మాత్రం చచ్చినా చూడరు. దేవుడి పొట్ట చూడడం అపచారం కాబోలు!

చూస్తే కథ తెలుస్తుంది. తడీ మురికీ వదలకపోతే ముందు పొట్ట పొలుసులు ఎర్రబారతాయి, తర్వాత నీటి బొబ్బలు లేస్తాయి. అవి చితికి పొలుసుల అంచులు గోధుమరంగుకు తిరిగి లేచిపోతాయి, కంపు కొడతాయి. బాక్టీరియా రక్తంలోకి దిగితే ప్రాణమే పోతుంది. పాములు పెంచే దేశాల్లో దీన్ని స్కేల్ రాట్ అంటారు. మన దగ్గర దీని పేరు 'కుబుసం విడుస్తోందిలే'. కుబుసానికి ముందు ఒళ్లంతా మసకబారుతుంది, కళ్లు పాలరంగుకు తిరుగుతాయి. ఒక్కచోట ఎర్రబడి నీరు కారేది కుబుసమెలా అవుతుంది?

పసుపు మందే గదా అంటారు. మందైతే పుండు మీద పెట్టాలి, పడగ మీద ఎందుకు? పాలు గటగటా తాగుతోంది గదా అంటారు. రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండగడితే ఏదైనా తాగుతుంది. పాలు అరిగించుకునే ఏర్పాటు పాము కడుపులో లేదు. మరి పాములాయన కూడో? ఈ ప్రశ్న మాత్రం న్యాయమైనది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఆయన బుట్టను నేరం చేసింది గానీ బతుకు చూపలేదు. పాల ప్యాకెట్ డబ్బు ఆయన చేతిలోనే పెట్టొచ్చు, పాము పడగ విప్పకుండానే.

బెంగళూరు ఫ్లాట్లలో ఆఫ్రికా బాల్ పైథాన్లను పెంచేవాళ్లు ఆ బొబ్బ కనబడగానే తడి పరుపు తీసేసి పాత పేపరు పరుస్తారు, రోజూ మారుస్తారు, డాక్టరు దగ్గరికి పరిగెడతారు. వాళ్లకది దేవుడు కాదు మరి. కోరలు పీకిన మన నాగుపాముకు చేయాల్సింది అటవీ శాఖకు ఒక్క ఫోను. అదేమో పూజ లెక్కలోకి రాదు.