నేను ఆపిన బండి

కలిదిండి శివారులో ఒక చేపల చెరువు గట్టు మీద పడి ఉన్నాను. నా నడిమి కన్నంలోంచి మోకు దూర్చి, మేత జల్లే పడవను నాకు కట్టేశారు. ఒకప్పుడు నేను అంబాసిడర్ కారు ముందు చక్రంలో బ్రేకు డ్రమ్మును. పోత ఇనుము ఒళ్లు నాది. బెంగాల్లో హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఉత్తరపారాలో, హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో 1985లో మా బండి తయారైంది. మార్క్ 4, 1489 సీసీ పెట్రోలు ఇంజను.

ఇంజను గొప్ప అందరూ చెబుతారు. ఆపేవాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేకాయిలును నెడుతుంది. నా కడుపులోని రెండు షూలు విచ్చుకుని నా గోడను ఒరుసుకుంటాయి. బండి వేగమంతా వేడిగా మారి నా ఒంట్లోకి దిగుతుంది. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. అంతా ఓర్చుకుని బండిని ఆపడమే నా పని.

ఒక ముసురు రాత్రి మా ఓనరుగారి కూతురికి నొప్పులొస్తుంటే భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్లాం. కాలవ మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా గేదెల మంద. డ్రైవరు ఒక్క తొక్కు తొక్కాడు. బండి పక్కకు లాగకుండా, తిన్నగా, మొదటి గేదెకు జానెడు దూరంలో ఆగింది. తెల్లారేసరికి ఆ తల్లి పొత్తిళ్లలో మగపిల్లాడు. వాడి పుట్టుకలో నా చెయ్యి కూడా ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత చేపల చెరువుల కాలం వచ్చింది. మనుషులు ఎక్కాల్సిన బండిలోకి తవుడు బస్తాలు, చెక్క బస్తాలు ఎక్కాయి. బరువు పెరిగింది, తొందర పెరిగింది, నా బాగోగులు చూడటం మాత్రం తగ్గింది. కాగిన కొద్దీ నేను వ్యాకోచించి షూలకు దూరం జరుగుతాను. అప్పుడు పెడలు కిందికి దిగిపోతుంది, పట్టు సడలుతుంది. రోడ్డు మీదికి నీళ్లొస్తే అవి నా లోపల చేరి, షూలు ఆరేదాకా జారుడే. ఇవి నా పుట్టుగుణాలు, ఒప్పుకుంటాను. కానీ లైనర్లు అరిగిపోయి రివెట్లు నా గోడను గీరేస్తుంటే, ఆ కీచుమనే చప్పుడు ఎన్ని నెలలు విన్నారు! విని, అద్దాలు ఎత్తేసుకున్నారు. బ్రేకాయిలు గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిలు కొత్తలో 205 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి, చెమ్మ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మా ఆయిలు నల్లబడి ఏళ్లయింది. ఎవరూ మూత తీసి చూడలేదు.

ఒక సాయంత్రం వంతెన దిగుతుండగా బడి నుంచి వస్తున్న పిల్ల సైకిలు అడ్డొచ్చింది. నేను ఉన్న బలమంతా పెట్టాను. చాల్లేదు. బంపరు సైకిలు వెనక చక్రానికి తగిలి, పిల్ల గడ్డిలో పడింది. మోకాలు చీరుకుపోవడంతో గండం గడిచింది. ఓనరుగారు స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు లేవలేదు.

మర్నాడు షెడ్డులో అన్నారు: “మేస్త్రీ, ఈ చిన్న బ్రేకులతో నా వల్ల కాదు. పెద్దవి పెట్టు. కానీ చేతిలో డబ్బు లేదయ్యా.”

నిజమే. అంతకుముందు ఏడాదే, 2006లో, కొల్లేరు అభయారణ్యంలో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత లోపలి చెరువు గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. ఆయన కౌలు చెరువూ అందులో పోయింది.

మేస్త్రి ఆలోచించి చెప్పాడు: “తర్వాతి అంబాసిడర్లకు కంపెనీయే ముందు డిస్కులు ఇచ్చింది బాబుగారూ. విజయవాడ ఆటోనగర్లో పాత బండి సెట్టు వెతుకుదాం. ఇనుము పాతదైనా పరవాలేదండి, రబ్బరు మాత్రం కొత్తది కొనాలి. ముందు రవాణా శాఖ ఆఫీసులో ఒక మాట అడిగి రండి.”

ఆ మాట నాకు నచ్చింది. డిస్కులు, కాలిపర్లు, వాటిని మోసే స్టబ్ యాక్సిళ్లు పాతవే తెచ్చారు. డిస్కు మందం కొలిచి, కనీస మందం కన్నా ఎక్కువ ఉన్నవే ఏరాడు మేస్త్రి. ప్యాడ్లు, హోసు పైపులు, కాలిపర్ సీళ్లు, ఆయిలు కొత్తవి. నా షూలు చక్రం తిరిగే ఊపుకి వాటంతటవే బిగుసుకుంటాయి. డిస్కుకు ఆ గుణం లేదు, కాలితో ఎక్కువ నొక్కాలి. అందుకని బూస్టరు పెట్టాడు. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్లో పైపుల్లో కాస్త ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది, అది ఉంటే ప్యాడ్లు డిస్కును వదలవు. కనుక మాస్టర్ సిలిండరు కూడా మార్చాడు. చివరికి మిగిలిన డబ్బు నున్నబడ్డ టైర్లు మార్చడానికి పెట్టించాడు. బ్రేకు ఎంత పెద్దదైనా రోడ్డును పట్టుకునేది టైరే కదా. బ్రేకు పైపుల్లోని గాలి తీసి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద మెల్లగా మొదలుపెట్టి, పదిసార్లు ఆపి చూశారు. బండి తిన్నగా ఆగింది. నా కళ్ల ముందే ఆగింది. అసూయ పడలేదు. ఆ పిల్ల గుర్తొచ్చింది.

వెనక డ్రమ్ములు వాటి పనిలో అవి ఉన్నాయి. ముందు వాళ్లం ఇద్దరం షెడ్డు వెనక వానకు తుప్పు పట్టాం. నా జోడీని పాత ఇనుము బండివాడు తూకానికి తీసుకుపోయాడు. ఇరవై రెండేళ్లు ఒకే ఇరుసుకు అటూ ఇటూ తిరిగాం, పోయేటప్పుడు ఒక్క మాట లేదు. బరువుకు పనికొస్తానని నన్ను ఈ గట్టు మీదికి తెచ్చారు. ఉత్తరపారాలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందని గట్టు మీద కూర్చున్నవాళ్లు చెప్పుకుంటే విన్నాను. మా వంశానికి అదే ఆఖరు.

మా బండి మాత్రం ఇంకా ఈ గట్టు మీదికి మేత బస్తాలతో వస్తుంది. చాలా ఏళ్లు చప్పుడు లేకుండా ఆగేది. వారం రోజులుగా ఆగేటప్పుడు సన్నగా కీచుమంటోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. ప్యాడ్లు అరిగిపోయి ఇనుము డిస్కును గీరుతోంది. డ్రైవరు దిగి, బస్తాలు దించి, పాట పెట్టుకుని వెళ్లిపోతున్నాడు.

బాబుగారూ, నేను చిన్నదాన్నని తీసేశారు. నన్ను చెడగొట్టింది నా చిన్నతనం ఒక్కటే కాదు. దయచేసి ఈ పూటే ముందు చక్రం విప్పి చూడండి. బడి వదిలే వేళ కాబోతోంది.